మా అత్తయ్యకు కాలు విరిగిన ఏడాది

ఈమధ్య పేపరు తెరిస్తే చాలు, లోకమంతటా మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారనీ, మంచాన పడ్డవాళ్ళను చూసుకునే దిక్కులేక దేశదేశాలూ తలలు పట్టుకుంటున్నాయనీ రాస్తున్నారు. పాతరోజుల్లో ఈ బాధ లేదట. ఉమ్మడి కుటుంబాలట, ఆప్యాయతలట, ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా అందరూ చూసుకునేవారట. ఈ 'అందరూ' అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజులు నేను కళ్ళారా చూశాను. అందరూ చూసేవాళ్ళు, నిజమే. గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు. చేసేది మాత్రం ఒక్క మనిషి. మా ఇళ్ళల్లో ఆ మనిషి మా నాన్నకు అక్క.

అత్తయ్యకు పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటికి తిరిగొచ్చింది. మా తాతయ్య ఉన్నన్నాళ్ళూ నందిగామలో మా ఇంట్లోనే ఉండేదట. తాతయ్య పోయాక మా నాన్న అదే ఇంట్లో ఉండి వ్యవసాయం చూసుకున్నాడు. బాబాయి జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారం పెట్టుకున్నాడు. చందర్లపాడులో నాన్నకు వరసకు అన్న ఒకాయన ఉండేవాడు, ఆయన్ని మేం పెదనాన్న అనేవాళ్ళం. ఈ మూడిళ్ళలో ఎవరింట్లో జబ్బు చేస్తే అదే అత్తయ్య ఇల్లు. ఎక్కడా ఎవరికీ ఏ జబ్బూ లేకపోతే తానెక్కడ ఉండాలో ఆవిడకూ తెలియదు, మాకూ తెలియదు. మా అదృష్టం కొద్దీ అలాంటి రోజులు తక్కువ. ఒకచోట టైఫాయిడ్ తగ్గేసరికి ఇంకోచోట కామెర్లు, అవి తగ్గేసరికి ఎవరికో నెలలు నిండేవి.

సేవ అంటే చల్లని తల్లిలా చేసేదనుకునేరు. అత్తయ్య వస్తోందని తెలిస్తే జ్వరం వచ్చినవాడికి ఇంకో డిగ్రీ పెరిగేది. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. అన్నవాళ్ళు నమ్మారో లేదో గానీ అత్తయ్య అక్షరాలా నమ్మింది. రోగికి అన్నం ఎప్పుడు పెట్టాలో డాక్టరు కాదు, ఆవిడ చెప్పాలి. అప్పటిదాకా తాలింపు వాసన కూడా రోగి ముక్కుకు తగలకూడదు. బాబాయి ఒకసారి టైఫాయిడ్‌లో ఆకలికి తట్టుకోలేక, పెరటిగోడ మీదనుంచి పక్కింటివాళ్ళ చేత ఆవకాయ ముద్ద ఒకటి పెట్టించుకుని తిన్నాడు. అత్తయ్య గదిలోకి వస్తూనే వాసన పట్టింది. నోరు తెరిచి చూపించమంది. అప్పటికి బాబాయి మీసాలొచ్చి, పెళ్ళయి, వ్యాపారంలో పదిమందిని గదమాయించే మనిషి. నోరు తెరిచి చూపించాడు.

ఆవిడ వైద్యంలో సగం తప్పుల తడకే. గాలి తగిలితే ప్రమాదమని కిటికీలన్నీ మూసేది. చంటిపిల్లలు ఏడ్చినా నవ్వినా ఆముదమే. బాలింతలకు చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, మంచినీళ్ళు చుక్క తగలనిచ్చేది కాదు. అయితే ఏం, ఒళ్ళు తుడిచేది ఆవిడ. పక్కబట్టలు మార్చేది ఆవిడ. వాంతి ఎత్తేది, దొడ్డికి నడిపించుకెళ్ళేది, మంచం పక్కన చాప వేసుకుని పడుకునేది ఆవిడ. తిడుతూనే చేసేది. మిగతావాళ్ళం మంచివాళ్ళం కాబట్టి ఎవర్నీ తిట్టేవాళ్ళం కాదు, ఆ పనుల దగ్గరికీ వెళ్ళేవాళ్ళం కాదు.

మా అమ్మకూ ఆవిడకూ పొసిగేది కాదు. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, మా అమ్మ లెక్కలో అత్తయ్య పూర్తి మొగుడే, మీసాలు తక్కువ. ఆవిడ వచ్చిన గంటకల్లా వంటింట్లో డబ్బాలు చోట్లు మారేవి. ఆవిడ వెళ్ళిన గంటకల్లా అమ్మ వాటిని మళ్ళీ మార్చేది. ఈ డబ్బాల పోరాటం నేను పుట్టకముందు నుంచీ నడుస్తోంది.

నా మొదటి కాన్పుకు నేను నందిగామ వచ్చాను. అత్తయ్యను చందర్లపాడు నుంచి ముందే పిలిపించి పెట్టారు. నెలలు నిండాయి. ఇక ఇవాళో రేపో అనుకుంటుండగా, పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి బాబాయి దిగాడు.

"అక్కయ్యా, మా అత్తగారికి కాలూ చెయ్యీ పడిపోయింది. మాట కూడా సరిగా రావట్లా. నువ్వు రాకపోతే కుదరదు," అన్నాడు.

"ఇక్కడ పిల్లకి నెలలు నిండినయ్యి. మీ అత్తగారిని చూసుకోవడానికి మీ ఆవిడ లేదా?" అంది అమ్మ.

"దానికి చేతకాదు వదినా. అది కాస్తే మంచినీళ్ళు కూడా మాడతయ్యి."

అటు పక్షవాతం, ఇటు కాన్పు. రెండిళ్ళవాళ్ళు తన కోసం వాదులాడుకుంటుంటే అత్తయ్య మొహం వెలిగిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆవిడకు అదొక్కటే దర్జా. కాసేపు ఇద్దర్నీ అరవనిచ్చి, చివరికి చెయ్యెత్తింది.

"ఎవరూ అరవబాకండి. దీని కడుపింకా జారలా. నేను పేట పోయి, ఆవిణ్ణి ఓ దారిన పెట్టి, ఆదివారానికి వచ్చేస్తా."

సంచి తీసుకుని బాబాయి వెంట బయల్దేరింది. వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, అమ్మ మా పాలేరును పొలానికి పరుగెత్తించింది. కాన్పు పెట్టుకుని అక్కను ఎలా పంపుతారో తేల్చుకోమని నాన్నకు కబురు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. కానీ చూసినవాళ్ళు ఊళ్ళో సగం మంది ఉన్నారు కాబట్టి, విని విని చూసినట్టే అయిపోయింది. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. బాబాయి లోపల నిలబడి ఉన్నాడు. అత్తయ్య ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడు మా నాన్న మోకాళ్ళ దాకా మట్టితో వచ్చి పడ్డాడు.

"అక్కయ్యా, దిగు!" అని సంచి ఈ చివర పట్టుకున్నాడు.

"అన్నయ్యా, వదులు!" అని బాబాయి ఆ చివర పట్టుకున్నాడు.

అత్తయ్య నడుమ పట్టుకుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. డ్రైవరు హారన్ మోగించాడు. కండక్టరు తలుపు దగ్గరికి వచ్చి, "ఎక్కేవాళ్ళు ఎక్కండి, దిగేవాళ్ళు దిగండి. అమ్మగారూ, మీరు రెండూ చేస్తే ఎట్లాగండీ?" అన్నాడు. అంతలో సంచి చెవి తెగింది. బాబాయి లోపల సీట్లో కూలబడ్డాడు. నాన్న వెనక్కి పడి లేచాడు. అత్తయ్య మెట్టు మీద నుంచి రోడ్డు మీద పడింది. సంచిలోని సొంఠి కొమ్ములు నలుదిక్కులకూ దొర్లాయి.

బస్సుల దగ్గర కిళ్ళీకొట్టాయన మా ఇంటికి రొప్పుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీ ఇంటివాళ్ళెవరో బస్సు మెట్టు మీంచి పడ్డారండి. కాలిరిగిందండి. తొందరగా ఎవర్నన్నా పంపండి," అన్నాడు.

మా అమ్మ గుండెలు బాదుకుంది. పడ్డది ఎవరని అడగాలి కదా. అడగలేదు. ఇంట్లో ఒకరికి దెబ్బ తగిలిందనగానే ఎన్నో ఏళ్ళుగా నోటికి వచ్చే మాటే వచ్చింది. అప్పుడే పొలం నుంచి తిరిగొచ్చిన పాలేరును పట్టుకుని, "నిలబడి చూస్తావేంట్రా, పరిగెత్తు! బస్సు కదిలుండదు. వదిన్ని దింపి తీసుకురా! ఎవరికో కాలిరిగింది, పేట ప్రయాణం మానేసి ఉన్నపళంగా రమ్మను!" అని కేకలేసింది.

పాలేరు నమ్మకస్తుడు. చెప్పింది చెప్పినట్టు చేసే రకం. గుంపును తోసుకుని వెళ్ళి, రోడ్డు మీద పడి ఉన్న అత్తయ్య ముందు చేతులు కట్టుకుని, "అమ్మగారు మిమ్మల్ని ఎంటనే రమ్మన్నారండి. మనింట్లో ఎవరికో కాలిరిగిందంటండి," అన్నాడు.

ఇది విని జనం నవ్వారట. నేనూ చాలా ఏళ్ళు నవ్వాను. కానీ అత్తయ్య నవ్వలేదు. "వస్తున్నా, పద," అని లేవబోయిందట.

బెజవాడ తీసుకెళ్ళి ఎముక ఫోటో తీయించి, మోకాలి పైదాకా పిండికట్టు వేయించుకొచ్చారు. నందిగామలో భార్యాభర్తలైన డాక్టర్లిద్దరు అప్పుడే కొత్తగా ఒక పెంకుటింట్లో ఆసుపత్రి పెట్టారు. నాలుగు మంచాలు ఉండేవి. డాక్టరమ్మ కొన్నాళ్ళు తన దగ్గరే ఉంచమంది. మా వైపు మందు తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళే గానీ అక్కడ పడుకునేవాళ్ళు లేరు. ఆసుపత్రి మంచమంటే నా అన్నవాళ్ళు లేనివాళ్ళది. అందుకని అత్తయ్యను అక్కడ దింపిన విషయం మా నాన్న ఎవరికీ చెప్పలేదు. ఊరంతా తెలిసింది.

మూడో రోజున నాకు నొప్పులు మొదలయ్యాయి. మా అమ్మ చాలామందిని కన్నది గానీ, అత్తయ్య లేకుండా ఒక్కర్నీ కనలేదు. నన్ను చూసి కాళ్ళూ చేతులూ ఆడక, "వదిన ఎక్కడుంటే అక్కడికే పోదాం," అని ఒంటెద్దు బండి కట్టించింది. అలా మా వంశంలో మొదటి ఆసుపత్రి కాన్పు నాదైంది. ఇప్పుడు నా మనవరాళ్ళతో ఈ మాట గొప్పగా చెప్పుకుంటాను. వెళ్ళింది డాక్టరు కోసం కాదని మాత్రం చెప్పను.

నా మంచానికీ అత్తయ్య మంచానికీ మధ్య ఒక తెర. తెరకు ఇవతల డాక్టరమ్మ, అవతల అత్తయ్య.

"ఇప్పుడే ముక్కనీయబాకండి! అలిసిపోద్ది!" అని అవతల నుంచి ఆర్డరు.

"కొంచెం మాట్లాడకుండా ఉంటారా?" అని ఇవతల నుంచి.

"నడుం కింద చెయ్యి పెట్టండి! ఎడం చెయ్యి కాదు, కుడి చెయ్యి!"

"ఇక్కడ డాక్టరెవరండీ?" అంది డాక్టరమ్మ, ఓపిక చచ్చి.

"డాక్టరు మీరేనండి. పిల్ల మాది."

ఇద్దరి మధ్యా నేనొకదాన్ని ఉన్నానని ఇద్దరికీ గుర్తు లేదు. ఆ కోపంలోనే కనేశాననుకుంటాను. ఆడపిల్ల. డాక్టరమ్మ బిడ్డను తుడిచి అమ్మకు అందించి, నాకు గ్లాసు నిండా మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు చప్పుడు అత్తయ్య చెవిన పడింది.

"ఎవరే అది నీళ్ళు తాగేది? బాలింతకు నీళ్ళా! పొట్ట పెరుగుద్ది, వాతం జేస్తది, దించు గ్లాసు!"

"నీళ్ళు తాగకపోతే పాలెట్లా పడతాయండీ?" అంది డాక్టరమ్మ.

అవతల నుంచి జవాబు లేదు. అత్తయ్య జవాబు చెప్పకపోవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. నేను గటగటా తాగేశాను. ఆ కాలపు బాలింతలకు తప్ప ఆ నీళ్ళ రుచి ఎవరికీ తెలియదు. మా అమ్మ దగ్గరికి వంగి, అత్తయ్యకు వినపడకుండా, "ఎట్లా ఉన్నయ్యే?" అని అడిగింది. అన్ని కాన్పులూ నాలుక పిడచకట్టుకుపోయి వెళ్ళదీసిన మనిషి. ఆ గొంతులో నా మీద ఎంత అసూయ ఉందో నాకు ఇప్పటికీ గుర్తు.

నేను ఆసుపత్రిలో ఉండగానే అసలు సంగతి పైకొచ్చింది. అత్తయ్య ఇక ఇంటికి వెళ్ళొచ్చని డాక్టరమ్మ చెప్పింది. కట్టు విప్పేదాకా కాలు కింద పెట్టకూడదు. ఒకరు దగ్గరుండి అన్నీ మంచం మీదనే చేయాలి. ఏ ఇంటికి తీసుకెళతారో మీరే తేల్చుకోండి అంది. తేల్చుకోవడానికి నాన్న, బాబాయి, చందర్లపాడు పెదనాన్న వచ్చి అత్తయ్య మంచం చుట్టూ కూర్చున్నారు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నేను తెర ఇవతల పిల్లను పొదివి పట్టుకుని పడుకున్నాను.

మొదట సంచి ఎవరు లాగారన్న చర్చ అయింది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, చివరికి కండక్టరుకూ డ్రైవరుకూ కూడా చెరికాస్త పంచారు. ఆ తర్వాత బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అక్కయ్యను మా ఇంట్లో పెట్టుకోవడం మా అదృష్టం. కాకపోతే మా అత్తగారు మంచం మీద ఉందాయె. రెండు మంచాలంటే మా ఆవిడ వల్ల ఎక్కడవుద్ది?"

"మా ఇల్లు ఆవిడది కాదూ?" అన్నాడు పెదనాన్న. "కాకపోతే చందర్లపాడు రోడ్డు సంగతి తెలుసుగా. ఆ గుంటల్లో బండి మీద తీసుకెళితే రెండో కాలు కూడా విరుగుద్ది."

"అసలు మా ఇంటికే తీసుకుపోవాలి, న్యాయం," అన్నాడు నాన్న. "కాకపోతే బాలింత, పసిపిల్ల..." అని అమ్మ వైపు చూశాడు. అమ్మ దూలాల వైపు చూసింది.

నాలుగు రోజుల కిందట ఈవిడ కోసమేనా సంచి తెగేదాకా లాక్కున్నది? లేచి తెర తీసి ముగ్గుర్నీ కడిగెయ్యాలనిపించింది. కానీ నేనే ఇంకొకరి చేత స్నానం చేయించుకుంటున్న మనిషిని, ఆవిణ్ణి మా అత్తవారింటికి తీసుకెళతానని చెప్పగల దాన్ని కాదు. ఏడుపొచ్చింది. బాలింత ఏడిస్తే కళ్ళు పాడవుతాయని అత్తయ్యే చెప్పింది కాబట్టి ఆపుకున్నాను.

నాన్న మాట పూర్తి కానే లేదు, అత్తయ్య అందుకుంది.

"మీ ఎవరిళ్ళకీ నేను రానురా. ఒరే, మీ ఆవిడ జావ కాస్తే ఉండలు కడుతుంది, అది తాగి నేను బతకను. నువ్వేమో అన్నయ్యా, మీ దొడ్డి ఇంటికి ఆమడ దూరాన కట్టించుకున్నావు, కాలు బాగున్నప్పుడే నాకు ప్రాణం మీదికొచ్చేది. ఇహ నందిగామ ఇల్లంటావా, ఆ నడవగదిలోకి గాలి రాదు. కిటికీ తీసినా గాలి రాదు. నేను ఇక్కడే ఉంటా. ఇక్కడే బాగుంది."

ముగ్గురి మొహాల్లోకీ రక్తం వచ్చింది. మాట వరసకు కాస్త నొచ్చుకున్నారు. "ఆవిడకు ఇష్టం లేనప్పుడు బలవంతమెందుకు," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ చెప్పుకోవడం కూడా చాలా తొందరగా అయిపోయింది. నేను మాత్రం గాలి అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా మూడిళ్ళ కిటికీలనూ నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ మూయిస్తూ వచ్చిన మనిషికి గాలి రావట్లేదట.

సాయంత్రం దీపాలు పెట్టాక తెర అవతల నుంచి పిలిచింది. "ఏమే, నిద్రపోయావా?"

"లేదత్తయ్యా."

"నన్నెవరూ వద్దనలేదు. విన్నావుగా. నేనే రానన్నా."

"విన్నా అత్తయ్యా."

"ఆ. ఎవరన్నా అడిగితే అట్లానే చెప్పు."

నేను ఇంటికొచ్చేశాను. అత్తయ్య అక్కడే ఉండిపోయింది. ఆవిణ్ణి చూడడానికి బంధువులు మాత్రం తెగ వచ్చేవాళ్ళు. రెండు బత్తాయిలు తెచ్చి, అరగంట కూర్చుని, తమ మోకాళ్ళ నొప్పులకు మందు అడిగి వెళ్ళేవాళ్ళు. డాక్టరమ్మ మొదట్లో ఈ రోగిని ఎప్పుడు వదిలించుకుందామా అనుకుందట. తర్వాత గమనించింది. తాను పదిసార్లు చెప్పినా మందు మింగని మనుషులు, పిండికట్టుతో పడుకున్న ఈవిడ ఒక్క అరుపు అరిస్తే మింగుతున్నారు. ఏడ్చే పిల్లల్ని తెచ్చి ఈవిడ పక్కలో వేస్తే ఊరుకుంటున్నారు. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్ళు. కిటికీల విషయంలో అత్తయ్య ఓడిపోయింది. ఆముదం విషయంలో సగం సగం. నీళ్ళ విషయంలో ఓడిపోవడమే కాదు, అవతలి పార్టీలో కలిసిపోయింది. నేను పిల్లను చూపించడానికి వెళ్ళినప్పుడు ఒక బాలింతను గదమాయిస్తోంది. "తాగు! నీళ్ళు తాగకపోతే పాలెట్లా పడతయ్యే? ఆమాత్రం తెలియదా?" అంటోంది. నేను నోరు తెరిచేలోపు నా వైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

కట్టు విప్పారు. నడకలో కొద్దిగా కుంటు మిగిలింది. ఇంటికి బయల్దేరతానని చెప్పడానికి వెళితే డాక్టరమ్మ, "ఏ ఇంటికండీ?" అని అడిగిందట. అత్తయ్య ఆలోచిస్తూ నిలబడిపోయింది. అప్పటికి బాబాయి అత్తగారు కూడా తేరుకుంది, మూడిళ్ళలోనూ ఎవరికీ జబ్బుల్లేవు.

"ఇక్కడే ఉండిపోండి. జీతం ఇస్తాను. వెనక గది ఖాళీగానే ఉంది," అంది డాక్టరమ్మ.

"జీతమా? ఎందుకండీ?"

"మీరు చేసే పనికి."

"ఇది పనేంటండీ?" అని అత్తయ్య నవ్విందట. డాక్టరమ్మ వేళాకోళం ఆడుతోందనుకుంది.

అత్తయ్య జీతానికి కుదిరిందన్న వార్త తెలిసి నాన్నా, బాబాయీ పరుగెత్తుకొచ్చారు. ఆసుపత్రి పెరట్లో పెద్ద రగడ.

"మన ఇంటి ఆడపడుచు ఆయా పని చేయడమా? రేపు నలుగుర్లో తలెత్తుకుని తిరగొద్దా?" అన్నాడు నాన్న.

"మీ ఇళ్ళల్లో ఇన్నాళ్ళూ ఏం జేసాననుకున్నార్రా?"

"అది వేరక్కయ్యా. అది మనవాళ్ళకి," అన్నాడు బాబాయి.

"ఆ మనవాళ్ళకి చేసి చేసే ఒళ్ళు వంగింది. వీళ్ళకీ చేస్తే ఇంకేం వంగుద్దిలే."

"నిన్ను మేం చూసుకోమా? తలా ఒక నెల పెట్టుకుంటాం. ఆ గదిలో ఏముందని?"

"తలుపుకి లోపలినించి గడియ ఉందిరా," అంది అత్తయ్య. "పెద్దమనిషినైన కాడ్నించి గడియేసుకుని పడుకోలా నేను. ఎప్పుడెవరు పిలుస్తారోనని మంచాల పక్కనో, వాకిట్లోనో పడుకున్నా."

వాళ్ళిద్దరూ వచ్చిన దారినే వెళ్ళిపోయారు. పరువు పోయిందని మాత్రం చాలాకాలం అనుకున్నారు. ఆ పోయిన పరువు ఎటు పోయిందో గానీ, ఊళ్ళో ఎవరూ వెతకలేదు. కాన్పుల వేళ అందరూ అదే ఆసుపత్రికి వస్తున్నారాయె.

అసలు వింత తర్వాత జరిగింది. చందర్లపాడులో పెదనాన్న మనవడికి ఆటలమ్మ పోసిందని అలవాటు కొద్దీ కబురొచ్చింది. "సెలవు లేదు. డాక్టరమ్మని అడగాలి. అడిగితే ఇవ్వదు. నేను అడగను," అని అత్తయ్య జవాబు పంపింది. జగ్గయ్యపేట నుంచి బాబాయికి నడుంనొప్పి అని కబురొచ్చింది. దానికీ అదే జవాబు. అత్తయ్య ఇక రాదని రూఢి అయ్యాక మా మూడిళ్ళ ఆరోగ్యం అమాంతం బాగుపడింది. బాబాయి నడుంనొప్పి రెండు రోజుల్లో పోయింది. ఉత్తుత్తి తలనొప్పికి మంచమెక్కే అలవాటు అందరికీ పోయింది. పిన్ని ఉండలు కట్టకుండా జావ కాయడం నేర్చుకుంది. పెదనాన్న, ఆమడ దూరాన ఉన్న ఆ దొడ్డి దాకా మనవణ్ణి తానే ఎత్తుకెళ్ళాడట, ఆ దారిన పోయేవాళ్ళందరికీ తన త్యాగం గురించి చెప్పుకుంటూ. దేశాలు ప్రజారోగ్యానికి ఏవేవో పథకాలు వేస్తుంటాయి. ఇంట్లో చాకిరీ చేసే మనిషికి ఒక గదీ, ఒక గడియా ఇస్తే ఎంత ఆరోగ్యం పెరుగుతుందో మా ఇళ్ళు చూస్తే తెలిసేది.

ఒక్క మా అమ్మది మాత్రం ఉత్తుత్తి జబ్బు కాదు. నా కూతురు బళ్ళో చేరిన ఏడాది వేసవిలో అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. ఒళ్ళు తెలియని జ్వరం. నేను అత్తవారింటి నుంచి వచ్చేసరికి నాన్న తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తడిగుడ్డ ఎక్కడ వేయాలో కూడా తెలియని మనిషి. అత్తయ్యకు కబురు పెట్టాడు. పాలేరు తిరిగొచ్చాడు.

"ఆవిడ రాలేరంటండి. అమ్మగార్నే తీసుకురమ్మన్నారండి."

"ఆసుపత్రికా?" అన్నాడు నాన్న.

"కాదండి. వాళ్ళింటికి రమ్మన్నారండి."

"ఎవరింటికి?"

"వాళ్ళింటికేనండి. 'మా ఇంటికి తీసుకురా' అన్నారండి," అన్నాడు పాలేరు. చెప్పింది చెప్పినట్టే చెప్పే మనిషి కదా.

నాన్నకు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. మా అమ్మకు అంత జ్వరంలోనూ అర్థమైంది. "ఆడపడుచు ఇంటికి పోయి పడుకోనా? చచ్చినా పోను," అని మూలిగింది. రిక్షా వచ్చాక ఎక్కింది.

ఆ గదిలో ఒక మంచం, ఒక కుంపటి, గూట్లో నాలుగు డబ్బాలు. మంచం అమ్మకిచ్చి అత్తయ్య కింద చాప వేసుకుంది. డ్యూటీకి వెళ్ళొస్తూ మధ్యమధ్యలో వచ్చి మందు పోసేది, ఒళ్ళు తుడిచేది, తిట్టేది. డాక్టరమ్మ మాత్రలు ఒకపక్క, అత్తయ్య పథ్యం ఒకపక్క. జ్వరం జారిన రోజు నేను వెళ్ళేసరికి ఇద్దరూ తగువులాడుకుంటున్నారు. అమ్మ మంచం మీద నుంచే, ఉప్పు డబ్బా ఆ మూల కాదు, కుంపటి పక్కన పెట్టుకోమంటోంది. అత్తయ్య ససేమిరా అంటోంది. అమ్మ బతుకుతుందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది. బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఒంట్లో సత్తువ వచ్చాక అమ్మ ఇంటికొచ్చింది. చిక్కి సగమైంది. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాం.

"మా అక్కయ్య బాగా చూసిందా? బాగా తిట్టిందా?" అని నాన్న నవ్వుతూ అడిగాడు.

అమ్మ నవ్వలేదు. "పుట్టింటికి పోయొచ్చినట్టుందండీ," అంది. "ఆవిడ పుట్టింట్లోనే కదా ఇన్నేళ్ళనించీ నేనుంటున్నది. ఒకళ్ళకి జబ్బు చేస్తే తప్ప, ఊరికే నాలుగు రోజులుండి పోదువు గాని రా అని ఒక్కసారన్నా పిలిచామా ఆవిణ్ణి?"

నాన్న లేచాడు. కండువా భుజాన వేసుకుని పొలం వెళుతున్నానన్నాడు. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం, పొలంలో ఏ పనీ లేదు. ఆయన వెళ్ళింది పొలానికి కాదని తర్వాత అత్తయ్య చెబితే తెలిసింది. వెళ్ళి ఆవిడ గది తలుపు కొట్టాడట. గడియ తీసి తమ్ముణ్ణి చూడగానే అత్తయ్య కంగారుపడిపోయింది.

"ఎవరికేమైందిరా?"

"ఎవరికీ ఏం కాలేదక్కయ్యా. ఊరికే వచ్చా."

అత్తయ్య నమ్మలేదు. లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టి, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఎండన పడి నడిచి వెళ్ళాడేమో, వేడిగానే ఉందట.